దెబ్బ తగిలినోళ్ల దారి

ఆ పార్కు పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. తెలంగాణ రాకముందు మాట. గోదావరిఖనిలో మా బొగ్గుబాయి క్వార్టర్లవాళ్లమంతా బస్సు మాట్లాడుకుని హైదరాబాదు అవతల కొత్తగా పెట్టిన పార్కుకు పోయాం. బస్సెక్కినప్పటి నుంచీ మా బాపుది ఒకటే పాట.

"జెయింటు వీలు ఎక్కాలె బిడ్డా. బతుకంత బాయిల కిందికి దిగుడే అయితాంది. ఒక్కసారన్న మీదికి పోయి చూడాలె."

"కండ్లు తిరిగితే నన్ను తిట్టొద్దు మల్ల" అని అమ్మ ఆటపట్టించింది.

పోగానే జెయింటు వీలు లైనులోనే నిలబడ్డాం. ఎండ నెత్తి మాడుస్తోంది. పక్కనే తాడు కట్టిన ఇంకో దారి ఖాళీగా ఉంది. కాసేపటికి ఆ దారిలో ఒక కుటుంబం దర్జాగా వచ్చింది. గేటు దగ్గరి పిల్లగాడు మా లైనును ఆపేసి వాళ్లను ఎక్కించాడు.

బాపు రెండు చేతులూ చాచి మా వెనకవాళ్లను కూడా ఆపాడు. "జరుగుండ్రి, జరుగుండ్రి! ఎవలికో పాణం బాగలేనట్టుంది, పోనియ్యుండ్రి."

బాయిలో రివాజు అది. షిఫ్టు అయిపోయి పైకొచ్చేటప్పుడు లిఫ్టు దగ్గర ఎంత తొక్కులాట ఉన్నా, అందరినీ దాటి ముందుకు పోయేది దెబ్బ తగిలినవాడొక్కడే. వాడికి ఆఫీసరైనా దారి ఇవ్వాల్సిందే.

"పాణం బాగలేనోళ్లు గిదెందుకు ఎక్కుతరయ్యా?" అంది అమ్మ.

"మరి లైను తప్పి ఎట్ల పోతాండ్రే?"

నేను పోయి గేటు పిల్లగాణ్ని అడిగాను. "అది ఎక్స్‌ప్రెస్ టికెట్ మేడం. ఎక్కువ డబ్బులు పెడితే లైనుండదు. మీరూ తీసుకోవచ్చు" అన్నాడు నవ్వుతూ.

"వాళ్లకు మీరు అమ్మింది మా వంతు కాదా? మా వంతు అమ్మెటందుకు మీరెవలు?" అని గట్టిగానే అరిచాను. సొమ్మొకడిది, సోకొకడిది! పైగా మా లైను ఎంత నత్తనడక నడిస్తే ఆ టికెట్టుకు అంత గిరాకీ. ఇక లైను కదలాలని వాళ్లకెందుకుంటుంది?

పొద్దు వాలింది. మా ముందు నాలుగు కుటుంబాలే మిగిలాయి. అప్పుడే పక్క దారిలో ఇంకో గుంపు వచ్చింది. ఈసారి బాపు చేతులు చాచలేదు. వాళ్లను ఎక్కిస్తుండగా బస్సు క్లీనరు ఉరుకుతూ వచ్చాడు.

"కాకా, జల్ది నడువుండ్రి. పొద్దుగాల డ్యూటీలున్నయి!"

బాపు తలెత్తి పైన తిరుగుతున్న డబ్బాలను కాసేపు చూశాడు. లైనులోంచి బయటికి వచ్చేశాడు.

బస్సులో పక్కింటాయన అడిగాడు. "ఎట్లుందే బావా మీద?"

"ఏడ బావా! ఇయ్యాల దెబ్బ తగిలినోళ్లే శానమంది ఉన్నరు."

బస్సంతా గొల్లుమంది. బాపు కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఇంకా కోపమొచ్చింది. తెల్లారి ఆయన ఫస్టు షిఫ్టుకు పోయి, వరుసలో నిలబడి, బాయిలోకి దిగాడు.