వాల్వుల పెట్టె, ఇత్తడి రేకు

ఎనభైల్లో నేను నరసరావుపేటలో పగలు పత్తి మిల్లు ఆఫీసులో టైపు కొట్టేవాణ్ణి, పెళ్లిళ్ల రోజుల్లో ఒక ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాణ్ణి. రెండింట్లో నీ పని ఏదంటే తడుముకోకుండా రెండోదే చెప్పేవాణ్ణి. మద్రాసులో పాతది కొనుక్కొచ్చిన వాల్వుల ఆంప్లిఫయర్ ఒకటి ఉండేది నాకు. అప్పటికే అందరూ ట్రాన్సిస్టర్ సెట్లకు మారిపోయారు. నాకు మాత్రం ఆ గాజు వాల్వులు ఎర్రగా వెలిగి, వేడెక్కి, గిటారు గొంతు చిక్కబడితే తప్ప తృప్తి ఉండేది కాదు.

ఆ పెట్టె ఒక ఏడాది నన్ను ఏడిపించింది. పాట మధ్యలో ఉన్నట్టుండి గుర్రుమని రొద మొదలయ్యేది. కాసేపటికి దానంతటదే ఆగిపోయేది. ముందు కరెంటును తిట్టాను. తర్వాత జనరేటరు వాణ్ణి తిట్టాను. ఆ తర్వాత షామియానా వాళ్ల రంగు బల్బులను తిట్టాను. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. కారణం దొరక్కపోతే మనిషి దొరికినా చాలు. ఇద్దరు మెకానిక్కులు వాల్వులు మార్చారు, కండెన్సర్లు మార్చారు. వాళ్ల కొట్లో ఉన్నంతసేపూ అది నోరెత్తేది కాదు, స్టేజీ ఎక్కగానే మళ్లీ మామూలే.

మాచర్లలో ఒక షావుకారు గారింటి పెళ్లిలో, పెళ్లికూతురి తండ్రి కోరి అడిగిన పాటలోనే గుర్రుమంది. జనం గొల్లున నవ్వారు. వ్యానులో తిరిగొస్తుంటే మా ఆర్కెస్ట్రా ఓనరు, అకార్డియన్ వాయించే ఆయన, నా వైపు తిరిగాడు.

"ఒరేయ్, గురజాల పెళ్లి దాకా చూస్తా. అక్కడా ఇట్టనే మోగిందా, గుంటూరు నుంచి ఇంకొకణ్ణి పిలిపించుకుంటా. వాడి కాడ కొత్త సెట్టుంది."

"తప్పు సెట్టుదన్నా, నాది కాదు."

"ఆడలేక మద్దెల ఓడన్నదంట, నీలాంటిదే," అన్నాడాయన.

వ్యానులో అందరూ నవ్వారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. గిటారు పోతే నాకు మిగిలేది టైపు మిషనే.

స్టేషను దగ్గర సందులో పాత రేడియోలు బాగుచేసే ఒకాయన ఉన్నాడని మిల్లులో ఎవరో చెబితే, రిక్షాలో పెట్టె వేసుకుని వెళ్లాను. యాభై దాటిన మనిషి, ముతక పంచె, చెవి మీద పెన్సిలు. సందంతా ఆయన్ని బాబాయ్ అనేది, నేనూ అలాగే పిలిచాను. ఆయన స్క్రూడ్రైవరు ముట్టుకోలేదు. సెట్టు ఆన్ చేసి, నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి వాయించమని, పెన్సిలు వెనక కొనతో ఒక్కో వాల్వునూ మెల్లగా తట్టి చూశాడు. ఎక్కడా గుర్రుమనలేదు.

"చూశావా బాబాయ్, నిన్ను చూడగానే నాటకాలు మొదలెట్టింది," అన్నాను మండిపడుతూ.

"నాటకం దానిది కాదబ్బాయ్. మనం చూసే తీరు బాగలేదు. గోల ఎప్పుడొస్తది?"

"పాట ఊపందుకున్నప్పుడు."

"మరి స్టూలు మీద కూకోబెట్టి ఏం చూస్తాం? లెగు. స్టేజీ మీద ఎట్టా వాయిస్తావో అట్టా వాయించు."

పట్టపగలు, నడిసందులో. ఎదురుగా నూనె కొట్టాయన తూకం ఆపి మరీ చూస్తున్నాడు. నాకు సిగ్గుతో చేతులు కదల్లేదు. బాబాయ్ ఖాళీ డబ్బా ఒకటి ఒళ్లో పెట్టుకుని తాళం వెయ్యడం మొదలుపెట్టాడు. తాళం గట్టి మనిషి. రెండు చరణాలు తిరిగేసరికి నేను సందును మరిచిపోయాను. మూడో చరణంలో గుర్రుమంది.

నేను పెట్టె వైపు చూశాను. ఆయన నా కాళ్ల వైపు చూస్తున్నాడు.

"ఆపబాక. అట్టనే ఉండు. చరణం అయిపోయినప్పుడల్లా ఎడమ కాలు వెనక్కి వేస్తావు, తెలుసా?"

నాకు తెలియదు. అన్నేళ్లు వాయించినా తెలియదు. నేను అడుగు వెనక్కి వేసినప్పుడల్లా గిటారు వైరు బిగుసుకుని పెట్టెలో దూర్చిన పిన్నును పక్కకు లాగుతోంది. ఆయన వచ్చి ఆ పిన్నును రెండు వేళ్లతో నొక్కితే గోల ఆగింది. వదిలితే వచ్చింది. ఏడాది పాటు ఇద్దరు మెకానిక్కులకూ నాకూ దొరకనిది ఆయన ఒక డబ్బా వాయించి పట్టేశాడు. దండం పెట్టాలనిపించింది.

అప్పుడు విప్పాడు. పిన్ను దూర్చే రంధ్రం చుట్టూ ఉండే నికెల్ బిళ్లను బ్లేడుతో గీకితే ఎర్రటి పెళ్లలు రాలాయి. దాని వెనక అంతా చిలుం. ఆ బిళ్ల లోపలి ఇనప రేకుకు గట్టిగా తగిలితేనే ఎర్తు అందుతుందట. మధ్యలో చిలుం చేరడంతో, పిన్ను కదిలినప్పుడల్లా ఎర్తు తెగి గోల లోపలికొస్తోంది.

"ఇదేందబ్బాయ్, కుంకం?" అన్నాడు రాలిన పొడి వేలికి రాసుకుని.

మా వైపు లారీ అయినా, రాళ్లు కోసే మిషనైనా, అన్నం పెట్టేదేదైనా పనికి బయల్దేరే ముందు బొట్టు పెడతారు. మా ఆవిడ ప్రోగ్రాముకు వెళ్లే ప్రతిసారీ తడి పసుపు, దాని మీద కుంకుమ పెట్టేది. పెట్టె ముందున్న స్పీకరు గుడ్డ మీద పెడితే మరక పడుతుందని, తుడిస్తే పోతుంది కదా అని, ఆ నికెల్ బిళ్ల మీద పెట్టేది. ఆ తడే లోపలికి దిగింది.

"ఇంటికెళ్లి మా ఆవిడ సంగతి తేలుస్తా!" అన్నాను.

ఆయన బ్లేడు కింద పెట్టాడు. "ఎవరి సంగతి? బొట్టు పెట్టింది ఆ అమ్మాయే. మరి లాగింది ఎవరు? సగం తప్పు నీ కాలిది. ఇంట్లో ఒక్క మాట అన్నావా, ఈ పెట్టె మళ్లీ నా కొట్టుకి తేబాక."

నా జన్మలో నన్నెవరూ అంత మెత్తగా అంత గట్టిగా తిట్టలేదు. ఆయన చిలుమంతా గీకేసి, ఆ బిళ్లతో పని లేకుండా లోపల వేరే ఎర్తు వైరు అతికించాడు. ఆ తర్వాత పాత రేడియో నుంచి ఇత్తడి రేకు రూపాయి బిళ్లంత కత్తిరించి, అంచులు నున్నగా ఆకురాయి పట్టి, పెట్టె పైన చెక్క మీద రెండు చిన్న మేకులతో బిగించాడు.

"బొట్టు మానమనబాక. ఇక్కడ పెట్టమను."

గురజాల పెళ్లి రోజున పెట్టెను కొట్టు నుంచే నేరుగా వ్యానెక్కించాం. బాబాయ్ తన కొట్లో దేవుడి పటం ముందున్న కుంకుమ తెచ్చి, ఆ రేకు మీద మొదటి బొట్టు తనే పెట్టాడు. ఆ పూట నేను కావాలనే చరణం చరణానికీ కాలు వెనక్కి వేశాను. వైరు బిగిసింది, పెట్టె మాత్రం గుర్రుమనలేదు. ఓనరు పాట పాటకూ నా వైపే చూస్తున్నాడు. ఆఖరి పాట అయ్యాక దగ్గరికొచ్చి, "మద్దెల బాగైందిరా," అని నా భుజం తట్టి, పై ప్రోగ్రాము నకరికల్లులో అని చెప్పాడు.

నకరికల్లుకు బయల్దేరే రోజు మా ఆవిడ కుంకుమ భరిణెతో వచ్చి ఆ ఇత్తడి రేకును చూసింది.

"మెకానిక్ బాబాయ్ పెట్టాడు, నీ బొట్టు కోసం," అన్నాను.

ఆమె బొట్టు పెట్టి, తళతళలాడుతున్న నికెల్ బిళ్ల వైపు చాలాసేపు చూసింది. నాకు టైపు కొట్టడం వచ్చు గానీ తెలివి ఆమెదే.

"నేను బొట్టు పెడతానని ఆయనకెట్టా తెలుసండీ? ఆ గోలంతా నా వల్లేనా ఏంది?"

చేతిలో భరిణె అలాగే ఉంది. ముఖం చిన్నబోయింది.

"కాదే," అన్నాను. "నా కాలి వల్ల."

ఆమె నా కాలి వైపు చూసింది, నా ముఖం వైపు చూసింది. మా కాపురంలో తప్పు నాదని నేనొప్పుకోవడం అదే మొదలు. ఆమె నమ్మలేదనుకుంటాను. వంగి, నా ఎడమ కాలి బొటనవేలికి కూడా చిన్న బొట్టు పెట్టింది.