రెండో కొంగుముడి

మా ఆవిడకు పొద్దుగూకితే తెల్లవారుతుంది. రేపల్లెలో మా వీధిలో దీపాలు పెట్టే వేళకు ఆమె కళ్ళాపి చల్లడానికి బకెట్ వెతుక్కుంటుంది. ఆ తరవాత బాపట్ల వెళ్ళాలంటుంది. అది ఆమె పుట్టినూరు, మా పెళ్ళి జరిగిందీ అక్కడే. గడియ తీయబోతుంటే నేను లేచి, తెల్లారేదాకా ఆమె వెంట ఇంట్లోనే తిరుగుతాను. మతిమరుపు జబ్బు ఆమెది. నిద్ర లేనిది ఇద్దరికీ.

అందుకే నా తువ్వాలు కొసను ఆమె కొంగుకు ముడివేసి పడుకోవడం మొదలుపెట్టాను. ఆమె కదిలితే నాకు తెలుస్తుంది. పెళ్ళినాటి ముడిని పురోహితుడు రెండుసార్లు లాగి బిగించడం నాకింకా గుర్తే. ఇది అంతకంటే గట్టిది. ప్రయాణాల్లో కూడా వేస్తాను, ఎవరు నవ్వినా సరే.

నేను బడి మొహం చూడలేదు. కిరాణా కొట్లో పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. మొన్న ఆమెను చూపించడానికి వెళితే తెనాలి డాక్టరు చెప్పింది మాత్రం నాకు అర్థం కాలేదు. పగలు ఆమెను పడుకోనివ్వకుండా ఏదో ఒక పని చెప్పాలట. బాగానే ఉంది. మీరూ వేళకు నిద్రపోవాలండి అన్నాడు చివర్న. ఎవర్ని కాపలా పెట్టి పడుకోను? ఆ మాటే అడిగితే నవ్వి, తరవాతి పేషెంటును పిలిచాడు. ఒళ్ళు మండింది.

తెనాలిలోనే ఉండే మా అమ్మాయి మమ్మల్ని బండెక్కించడానికి స్టేషన్‌కి వచ్చింది. అమ్మను వృద్ధాశ్రమంలో చేర్పిద్దామని ఏడాదిగా పోరుతోంది.

"నాన్నా, ఒక్కసారి అమ్మ తప్పిపోయిందంటే ఇక నీ మాట వినను," అంది.

మధ్యాహ్నం బండి. కిటికీలో చేలు, కాలవ నీళ్ళు, మళ్ళీ చేలు. ఊగుతూ ఊగుతూ బాపట్ల పెళ్ళిపందిట్లోకి వెళ్ళిపోయాను. తడి పసుపు వాసన. ఎవరో మా ముడి విప్పుతున్నారు. వద్దని చెయ్యి అడ్డం పెట్టబోయాను.

మెలకువ వచ్చేసరికి రేపల్లెలో బండి ఆగి ఉంది. జనమంతా దిగిపోయారు. పక్కన ఆమె లేదు. గబుక్కున లేవబోతే తువ్వాలు వెనక్కి లాగింది. దాని కొస కిటికీ ఊచకు ముడేసి ఉంది.

ఆమె ఎదుటి బల్ల మీద కూర్చుని నన్నే చూస్తోంది.

"లేచారా? నిద్రమత్తులో ఎటు పోతారోనని కట్టానండి."

ఇంటికి చేరాక అమ్మాయి ఫోన్ చేస్తే దాచకుండా చెప్పాను. ఆశ్రమం మాట ఎత్తుతుందనుకున్నాను.

"ఎంతసేపు పడుకున్నావు నాన్నా?"

ఇన్నాళ్ళలో నన్నెవరూ అది అడగలేదు.

"తెనాలి నుంచి రేపల్లె దాకా," అన్నాను.

"శనివారం నేనొస్తా. ఆ రాత్రికి అమ్మ కొంగు నాకు కట్టు," అంది.