బోర్లా పెట్టిన చెప్పు

2022. కెనడాలోని విన్నిపెగ్ కాలేజీలకు మన పిల్లలు ఇబ్బడిముబ్బడిగా వచ్చిపడుతున్న రోజులు. వ్యాన్ వేసుకుని తిరుగుతూ తాళాలు బిగించే పని నాది. గుంటూరు ఆడది తాళాలు విప్పడమేమిటని నవ్విన వాళ్ళున్నారు. తాళం చెవి పోగొట్టుకుని మంచులో నిలబడ్డప్పుడు మాత్రం వాళ్ళే "అక్కా, తొందరగా రా" అంటారు.

శ్రావణి కరీంనగర్ అమ్మాయి. ఒక తెలుగాయన ఇంటి బేస్‌మెంట్‌లో ఒంటరిగా అద్దెకుంటోంది. "తాళం మార్చాలె అక్కా" అని ఫోన్ చేస్తే వెళ్ళాను. తను కాలేజీకి పోయినప్పుడు ఎవరో లోపలికి వస్తున్నారట. మడతపెట్టిన బట్టలు చెదిరి ఉంటాయి, ఆపిన లైటు వెలుగుతుంటుంది. పైన ఉండే ఓనరుని అడిగితే, "ఉన్న తాళం చెవి ఒక్కటే, అది నీ దగ్గరే ఉంది. నువ్వే మర్చిపోతున్నావమ్మా" అన్నాడట. అంతటితో ఆగక, పిల్లకు మతి తప్పుతోందని ఊళ్ళో వాళ్ళ నాన్నకు ఫోన్ చేసి చెప్పాడు. ఆయనేమో చదువు మానేసి వచ్చెయ్యమంటున్నాడు.

"నిజంగనే నాకేమన్న అయ్యిందా అక్కా?" అని అడిగింది. నాకు ఒళ్ళు మండింది. పాత థ్రిల్లర్ సినిమాల్లోనూ ఇదే తంతు. ఇంట్లో ఎవరో ఉన్నారని ఆడమనిషి మొత్తుకుంటే అందరూ కలిసి నీ భ్రమ అంటారు, ఆఖర్న ఎవడో హీరో వచ్చేదాకా ఆమె వణుకుతూ కూర్చోవాలి. అందుకే ఆ సినిమాలంటే నాకు గిట్టదు.

డెడ్‌బోల్ట్ చూశాను, అంటే తలుపులోంచి చట్రంలోకి దూరే గట్టి గడియ. బలవంతంగా తెరిచిన గీతలు లేవు. తాళం చెవితోనే తెరిచారు. రీకీ చేస్తే, అంటే లోపలి పిన్నులు మారిస్తే, పాత చెవి ఇక పనిచేయదు. కానీ దానికి ఓనరు ఒప్పుకోవాలి. ఆ మాటే చెప్పి లేచాను.

గుమ్మం దగ్గర నా కాలు తగిలి ఆమె హవాయి చెప్పు బోర్లా పడింది. శ్రావణి మాట్లాడుతూనే వంగి దాన్ని సరిగ్గా తిప్పి పెట్టింది. చెప్పు బోర్లా ఉంటే ఇంట్లో గొడవలని చిన్నప్పటి నుంచీ వింటాం కదా, చెయ్యి దానంతటదే పోతుంది. వంగినది వంగినట్టే ఆగి నా వైపు చూసింది.

"ఓనర్ గూడ మనోడే కద అక్కా."

మర్నాడు కాలేజీకి వెళ్తూ ఆ చెప్పుని లోపల గుమ్మం పక్కన బోర్లా పెట్టి, అంచులకు నూనెలో కలిపిన పసుపు రాసింది. చెప్పుదీ పసుపు రంగే కాబట్టి తేడా తెలియదు. సాయంత్రం తిరిగొచ్చేసరికి చెప్పు సరిగ్గా తిప్పి పెట్టి ఉంది. వెంటనే నాకు ఫోన్ చేసింది. నేను వెళ్ళి, తాళం గురించి మాట్లాడాలని ఓనరుని కిందికి పిలిచాను.

"ఈ అమ్మాయి మాటలు పట్టించుకోకండి మేడమ్. పాపం, మైండ్ సరిగ్గా లేదు" అన్నాడు.

"అన్నా, మీ చెయ్యి చూపియ్యండి" అంది శ్రావణి. బొటనవేలు, చూపుడువేలు పచ్చగా ఉన్నాయి. వంట చేసుకున్నానని చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"నా చెప్పు ఎందుకు ముట్టుకున్నరు?"

"బోర్లా ఉంటే మంచిది కాదు కదా అని..." అనేసి నాలుక కరుచుకున్నాడు. ఆ వెంటనే గొంతు పెంచాడు. "మీ నాన్నకు ఫోన్ చేస్తా."

"చెయ్యండి. స్పీకర్ల పెట్టండి."

అతను చెయ్యలేదు. ఆమే చేసింది. "నాన్నా, నా తలకాయ మంచిగనే ఉంది. నేను లేనప్పుడు ఓనరే నా రూంలకు వస్తుండు. ఇప్పుడే ఒప్పుకున్నడు. నేను చదువు ఇడిశిపెట్ట, ఇంటికి రాను."

తర్వాత పోలీసులకు చేసింది. వాళ్ళు వచ్చాక ఓనరు మారుమాట లేకుండా రీకీకి ఒప్పుకున్నాడు. అతని కళ్ళ ముందే పిన్నులు మార్చి, కొత్త చెవి శ్రావణి చేతిలో పెట్టాను. ఎందుకు వచ్చేవాడో నేను అడగలేదు. ఏ కారణం చెప్పినా వినే ఓపిక నాకు లేదు.

ఆ తర్వాత ఇలాంటి ఫోన్లు చాలా వచ్చాయి. గదిలోకి ఎవరో వస్తున్నారని ఏ అమ్మాయి చెప్పినా, నువ్వే మర్చిపోయావేమో చూసుకో అన్న మాట నా నోట రాదు. "వస్తున్నాడమ్మా, పట్టుకుందాం" అంటాను.