తాళ్ళకు వీపు ఆనించిన మనిషి

మా బావ పోయారన్న కబురు శిడ్లఘట్ట గూళ్ళ మార్కెట్లో ఉండగా వచ్చింది. తెచ్చిన పట్టుగూళ్ళు పోసి, వేలం పాడేవాళ్ళ కోసం చూస్తున్నాను. మా అబ్బాయి ఫోన్ చేసి, "నాయనా, మామ లేడు" అన్నాడు. పొద్దున కాఫీ తాగి, గోడకు ఆనుకుని కూర్చున్నవారు అట్లే పోయారట. డెబ్బై దాటిన మనిషి. మంచాన పడలేదు, ఎవరిచేతా చేయించుకోలేదు. గూళ్ళు అమ్మి పోవాలా, వదిలేసి పోవాలా అని కాసేపు ఆలోచించి, పక్కనున్న రైతుకు అప్పజెప్పి బస్సెక్కాను.

ఆయన గురించి నాలుగు మాటలు రాయమని ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు అడిగితే ఒప్పుకున్నాను. మాట్లాడమంటే ఒప్పుకునేవాణ్ణి కాదు.

బావ అంటే నా భార్యకు అన్న. మిలిటరీలో ఉండగా బాక్సింగ్ ఆడేవారు. రిటైరై దిబ్బూరహళ్ళికి వచ్చాక హిప్పునేరేడు తోటలో, అదే పట్టుపురుగులకు ఆకు కోసే మల్బరీ తోటలో, ఒక మూల చదును చేయించి, నాలుగు రాతి కూసాలు పాతి, వాటికి గోనెసంచులు చుట్టి, చుట్టూ కొబ్బరితాళ్ళు బిగించారు. ఒళ్ళు గీసుకుపోకుండా తాళ్ళకు పాతచీరలు చుట్టారు. వాటిలో చాలా చీరలు నా భార్యవే. అడగకుండా తీసుకుపోయారని ఆమె ఏళ్ళ తరబడి అంటూనే ఉంది. సాయంత్రం పురుగులకు ఆకు వేసిన తర్వాత ఊళ్ళో కుర్రవాళ్ళు అక్కడ చేరేవారు. వాళ్ళందరికీ ఆయన మేష్ట్రు, అంటే మాస్టారు.

మీలో ఈ ఆట చూడనివాళ్ళు ఉంటారు. నాకు తెలిసినంత చెబుతాను. అందరూ కొట్టడం నేర్పిస్తారు. బావ ముందు తాళ్ళకు వీపు ఆనించి నిలబడటం నేర్పించేవారు. మోచేతులు పక్కటెముకలకు, పిడికిళ్ళు చెంపలకు, గడ్డం కిందికి. ఎదుటివాడు ఎంత కొట్టినా తాడుతోపాటు వెనక్కి ఊగాలి. "దెబ్బలో సగం తాడు తినల్ల, సగం మోచేతులు తినల్ల. నీకు మిగిలేది చప్పుడే" అనేవారు. కొట్టేవాడికి కూడా ఊపిరి ఖర్చవుతుందని, వాడి చేతులు బరువెక్కేదాకా ఉండి, అప్పుడు లేచి రావాలని ఆయన లెక్క. లేచి రావడానికి ఆయన పెట్టుకున్న మాట "లేయ్‌రా".

ఊళ్ళో దీనికి మర్యాద ఉండేది కాదు. తోట పక్కన పొలం ఉన్న పెద్దాయన ఒకరు గట్టు మీద నిలబడి, "ఏమప్పా, ఎద్దును తాడుకు కట్టేసి కొట్టినట్ల కొట్టిస్తాండావు, దీనికి మళ్ళా మేష్ట్రు గూడా కావల్లా?" అన్నారు. బావ నవ్వి, "ఎద్దుకు మోచేతులు యాడుండాయన్నా?" అన్నారు. అంతకు మించి వాదించరు. ఎవరితోనూ వాదించిన గుర్తు లేదు. చింతామణి బస్టాండులో మదనపల్లి బస్సు వస్తే జనం ఒకరి మీద ఒకరు పడి ఎక్కేవారు. ఆయన పక్కన స్తంభానికి ఆనుకుని, "అలిసిపోనీ" అనేవారు. అందరూ ఎక్కాక ఎక్కి నిలబడేవారు. నాకు కూడా నిలబడక తప్పేది కాదు. ఆ పద్ధతిలో సీటు దొరికిందని చెప్పలేను.

ఆయనకు ఎడమచెవి వినపడదు. మిలిటరీలో ఒక పందెంలో పోయింది. ఒక్కసారే ఆ సంగతి నాతో చెప్పారు, ఆకు కోస్తూ. "తాళ్ళు అమ్మ ఒడి మాదిరి ఉంటాయప్పా. ఆనుకుంటే లేయబుద్ధి కాదు. ఆ పొద్దు నేను లేయలేదు." ఆ తర్వాత ఆకు సంగతే మాట్లాడారు.

మా అబ్బాయి ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. చిక్కబళ్ళాపురంలో పోటీలు పెట్టినప్పుడు, గెలిస్తే రాష్ట్రం జట్టుకు తీసుకుంటారని తెలిసింది. నా భార్య ఒప్పుకోలేదు. అన్న ఇంటికి వచ్చినప్పుడు రాగిముద్ద వడ్డించి, ఆయన ఇంకా చెయ్యి పెట్టకముందే అడిగింది.

"నీ చెవి పోయింది చాలదా అన్నా? నా బిడ్డ చెవి గూడా కావల్లా?"

బావ ముద్ద పక్కకు జరిపారు. "వానికి ఏమన్నా అయితే నేను నీ గడప తొక్కనమ్మా" అన్నారు. ఆమె కూడా, సరే, ఆ మాట మీద ఉండు అంది. తోబుట్టువులు ఇద్దరే. తల్లి లేదు, తండ్రి లేడు. ఆయన పెళ్ళి చేసుకోలేదు. ఆ గడప తప్ప ఆయన తొక్కే గడప ఇంకొకటి లేదు. నేను మధ్యలో కూర్చుని ముద్దలో సారు పోసి కలుపుకున్నాను.

పందెం రోజు బావ తెల్లపంచ, తెల్లచొక్కా వేసుకుని వచ్చారు. ఎదుటివాడు మావాడి కంటే పొడుగు, చేతులు కూడా పొడుగు. మొదట్లో పరవాలేదు. తర్వాత మావాణ్ణి తోసుకుంటూ తాళ్ళ దాకా తెచ్చాడు. మావాడు నేర్చుకున్నట్లే ఆనుకుని, మోచేతులు బిగించాడు. అంతవరకు బావ కదల్లేదు. అయితే దెబ్బలు పక్కటెముకల మీద నుంచి పైకి వచ్చాయి. ఎడమచెవి దగ్గరే పడుతున్నాయి. తలకు దెబ్బలు కాచే మెత్తటి టోపీ ఉంది, ఉన్నా చప్పుడు మా దాకా వినిపిస్తోంది.

బావ లేచారు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి అరిచారు. రోజూ వాడే "లేయ్‌రా" అన్న మాట నోటికి రాలేదు. "తాళ్ళు! తాళ్ళు!" అని అరిచారు. తాళ్ళ మీద ఉన్నావు, వచ్చేయ్ అని ఆయన అర్థం.

మావాడు చదివింది కన్నడ బడిలో. ఆ బడిగోడ మీద 'తాళిదవను బాళియాను' అని రాసి ఉంటుంది, ఓర్చుకున్నవాడు బతుకుతాడని. కన్నడంలో తాళు అంటే ఆగు, ఓర్చుకో. ఆ గోలలో, చెవుల మీద టోపీతో, వాడికి వినిపించింది "తాళు! తాళు!" అని. సరే మామా అనుకుని ఇంకా గట్టిగా ఆనుకున్నాడు. బావ అరిచిన కొద్దీ వాడు అట్లే ఉండిపోయాడు. ఆయన తువ్వాలు చేతిలోకి తీసుకున్నారు. అది లోపలికి విసిరితే ఓటమి ఒప్పుకున్నట్లు. విసరబోయి నా వైపు చూశారు. నేను తల ఊపాను, విసరమని.

అప్పటికే ఎదుటివాడి చేతులు కిందికి జారాయి. నోరు తెరిచి ఊపిరి తీసుకుంటున్నాడు. మావాడు తాడు మీద నుంచి లేచి రెండు మూడు దెబ్బలు కొట్టాడు. అవతలివాడు మోకాళ్ళ మీద కూలాడు. రెఫరీ ఆపేశాడు.

జనం బావ చుట్టూ చేరారు. ఏం ఉపాయం మేష్ట్రే అని చేతులు పట్టుకున్నారు. పేపరతను ఒకడు ఈ ఎత్తు ఎప్పుడు ఆలోచించారని అడిగాడు. బావ కన్నడంలో, "ఎత్తూ లేదు, ఏమీ లేదు స్వామీ. నేను రమ్మన్నాను, వాడు నిలబడినాడు" అన్నారు. గెలిచినా గర్వం లేదని వాళ్ళు నవ్వారు. పేపర్లో వచ్చింది మాత్రం ఉపాయమనే. ఆయన దాన్ని ఎవరికీ చూపించలేదు. ఆ మర్నాటి నుంచి తోటలో తాడును తాడు అనకూడదని, కన్నడంలో హగ్గ అనాలని కట్టడి పెట్టారు. ఇంట్లో అందరం తెలుగు మాట్లాడుకునేవాళ్ళమే. అయినా ఆ తోటలోకి పోతే హగ్గే. ఎందుకో తెలియని పిల్లలు కూడా అట్లే అంటూ పెరిగారు.

ఆ రోజు మావాణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి, టోపీ తీసి, మొహానికి నీళ్ళు కొడుతున్నారు. ఎడమచెవి ఎర్రగా వాచి ఉంది. వాడు నవ్వుతున్నాడు. బావ ఆ నవ్వు చూడలేదు. జనంలోనుంచి తప్పించుకుని, వాడికి కనబడకుండా బల్ల వెనక్కి వెళ్ళారు. చేత్తో వాడి కుడిచెవి మూశారు. ఎడమచెవికి కొంచెం దూరంగా వంగి, పక్కనున్న నాకే సరిగ్గా వినపడనంత మెల్లగా అడిగారు.

"ఆకలయితాందేమప్పా?"

వాడు తల తిప్పకుండానే, "చానా అయితాండాది మామా" అన్నాడు.

బావ చెయ్యి తీశారు. అక్కడ ఆనుకోవడానికి గోడ గానీ స్తంభం గానీ లేదు. ఉన్నచోటనే, నీళ్ళు ఒలికిన ఆ మట్టిలో, తెల్లపంచతో కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. మేమంతా లేవమన్నా చాలాసేపు లేవలేదు.