బావ చెప్పిన సీసా

మా బావ పోయాడని సూర్యాపేట నుంచి ఎదురింటి ఫోనుకు కబురు వచ్చినప్పుడు నేను పప్పు తాలింపు పెడుతున్నాను. మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు ముందు, లారీకి బస్తాలు ఎత్తిస్తూ అక్కడే కూలబడిపోయాడట. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయిందట. ఇలాంటి వార్త వింటే ఎవరికైనా ఏడుపు వస్తుంది. నాకు కోపం వచ్చింది. "ఇప్పుడా పోయేది!" అన్నాను పైకే. కబురు తెచ్చిన ఎదురింటావిడ నన్ను వింతగా చూసింది. ఈలోగా తాలింపు మాడిపోయింది.

ఆయన మా అక్క మొగుడు. పదో రోజుకు అచ్చు వేయించే కాగితం మీద నాలుగు మంచి మాటలు రాయమని అక్క నన్ను అడిగింది. ఇంట్లో కాస్త రాయగలిగేదాన్ని నేనే కాబట్టి తప్పలేదు. కానీ ఆయన లాంటివాడు మళ్ళీ పుట్టడని, ఆయన లేని లోటు తీరనిదని రాయడం నా వల్ల కాదు. ఏళ్ళ తరబడి పోట్లాడాను ఆయనతో. చచ్చిపోయాడు కదా అని రాజీ పడాలా? చదివేవాళ్ళు తిట్టుకుంటే తిట్టుకోనీ.

బావ సూర్యాపేటలో ఒక లారీ ఆఫీసు గుమాస్తా. మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యం ఎత్తించడం, కోదాడ దాకా లారీ వెంట పోయి రావడం ఆయన ఉద్యోగం. ఆ ఉద్యోగం గురించి ఆయన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అడిగిందల్లా ఏం తాగాలి, ఎక్కడ తాగాలి అని. ఎవరింట్లో పెళ్ళైనా వంటవాడికంటే ముందు మా బావకు కబురు వెళ్ళేది. వైన్‌షాపు ముందు నిలబడి సీసా పేరు కూడా చెప్పకుండా "లారీ ఆఫీసు అన్న చెప్పింది ఇయ్యి" అనేవాళ్ళు. దుకాణంవాడు మారుమాట్లాడకుండా తీసి ఇచ్చేవాడు.

షాపులోకి వెళితే ఆయన చేసే హంగామా చూడాలి. ముందు వరసలో ఉన్న సీసాను ముట్టుకునేవాడు కాదు. "ఎండ వడ్డది నాకొద్దు. ఎనక గోనెసంచి కింద ఉన్నది తీయి" అనేవాడు. ఆ సీసాను వెలుతురుకు పట్టి, ఒక కన్ను మూసి, ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసేవాడు. ఐసులో పూడ్చిన బీరంటే ఆయనకు అసహ్యం. "గడ్డకట్టిన బీరు దాగితె సల్లదనం దాగినట్టే, బీరు దాగినట్టు గాదు" అని పెళ్ళిపందిట్లో పెద్దమనుషులకు పాఠం చెప్పేవాడు. చలికాలం ఈతకల్లు, ఎండలు ముదిరితే తాటికల్లు, పనిరోజు సాయంత్రం మామూలు బీరు, నంజుకోవడానికి ఉడకబెట్టిన అలసంద గుడాలు. తిరుమలగిరి వైపు నేలలో ఈతకల్లు తియ్యగా ఉంటుందని, కాలవ నీళ్ళు పారే వైపు చప్పబడుతుందని వాదించేవాడు. ఇంత తెలివి ఏదైనా పనికొచ్చే దాని మీద పెట్టి ఉంటే మా అక్క సుఖపడేది.

మద్యనిషేధం వచ్చి దుకాణాలు మూతపడ్డప్పుడు ఇక నోరు మూస్తాడనుకున్నాను. మూస్తాడా? దొరకని బీర్ల గురించి కూడా సలహాలు చెప్పేవాడు. జనం ఆయన చుట్టూ కూర్చుని, షాపులు తెరిచాక ముందు ఏది తాగాలో అడిగి తెలుసుకుని పోయేవాళ్ళు. సిగ్గులేని ఊరు.

ఇదంతా నవ్వుకుని ఊరుకోదగ్గదే, మా ఆయన జోలికి రాకపోయి ఉంటే.

మా ఆయనది కోదాడ. ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు. పెళ్ళైన కొత్తలో బావ మా ఇంటికి వచ్చాడు, తడిగుడ్డలో చుట్టిన సీసా చంకలో పెట్టుకుని.

"తమ్మీ, ఏమన్న తాగుతవా?"

"నాకు అలవాటు లేదన్నా."

"అలవాటు జేస్కొమ్మంటలేను. ఎప్పుడన్న తాగాల్సొస్తె సెత్తది దాగి నాలుక ఖరాబు జేస్కోకు అంటున్న. ఇది రుచి సూడు."

నేను వంటింట్లోంచి వింటూనే ఉన్నాను. కొత్త కోడల్ని, అత్తగారి ఎదుట బావను గద్దించలేకపోయాను. ఆ రోజు మా ఆయన రెండు గుక్కలు తాగి మొహం చిట్లించాడు. తర్వాత బావ ఎప్పుడొచ్చినా ఒక కొత్త సీసా, ఒక కొత్త కబురు. ఇద్దరూ వసారాలో కూర్చుని దీనికంటే అది నయమని, దానికంటే ఇది నయమని చెప్పుకునేవాళ్ళు. కొన్నాళ్ళకు బావ రాకపోయినా మా ఆయన తాగడం మొదలుపెట్టాడు. ఇంకొన్నాళ్ళకు ఏది నయమో ఎంచడం మానేశాడు. ఏది దొరికితే అది. షెడ్డులో విప్పిన ఇంజన్లు విప్పినట్టే ఉండేవి. రుచి నేర్పిన మహానుభావుడు ఆపడం నేర్పలేదు.

చివరికి కళ్ళు పచ్చబడి, కడుపు ఉబ్బి, సూర్యాపేట దవాఖానలో పడ్డాడు. ఇంకొక్కసారి తాగితే మనిషి దక్కడని డాక్టరు నాతోనే చెప్పాడు. నేను తిన్నగా లారీ ఆఫీసుకు పోయాను. డ్రైవర్లు, హమాలీలు అందరూ ఉన్నారు. ఉండనీ అనుకున్నాను.

"నీ రుచుల్ల మన్ను వడ! గాయన కండ్లు సూసినవా? పసుపు రాసినట్టున్నయి. ఏం దాగాల్నో జిల్లాకంత సెప్తవు గదా, మా ఆయన ఇప్పుడేం దాగాల్నో సెప్పు!"

బావ లేచి నిలబడ్డాడు.

"నేను సూస్కుంట మర్దలా" అన్నాడు.

"నువ్వు సూస్కున్నందుకే గిట్లయింది" అని వచ్చేశాను.

దవాఖాన నుంచి పంపించాక మా ఆయన్ను అక్క వాళ్ళింట్లో ఉంచాం. రోజూ బావకు లొట్టిలో కల్లు తెచ్చి ఇచ్చే గౌడు ఆ పొద్దున కూడా వచ్చాడు. బావ లొట్టి అందుకోలేదు. మంచం మీద ఉన్న మా ఆయన్ను చూపించాడు.

"గౌడన్నా, మా తమ్మి మొఖం మంచిగ సూస్కో. గీయనకు సుక్క పోసినవని నా సెవుల వడ్డదనుకో, నీ కల్లుల మందు కలుస్తదని సూర్యాపేట కాన్నించి కోదాడ దాక సెప్త."

గౌడు నిర్ఘాంతపోయాడు. "నేను మందు కలపనని నీకు తెల్వదా అన్నా?"

"తెలుసు. అయినా సెప్త. నేను సెప్తె నమ్ముతరు."

చూశారా మనిషి? ఏ పాపం ఎరగనివాడి బతుకు మీద కొడతానని మొహం మీదే చెప్పాడు. తర్వాత లారీ ఎక్కి బయల్దేరాడు. కోదాడలో కల్లు కాంపౌండ్లు, సూర్యాపేటలో వైన్‌షాపులు, మిర్యాలగూడ మిల్లుల చుట్టూ ఉన్న కొట్లు, దేన్నీ వదల్లేదు. అన్నిచోట్లా అదే బెదిరింపు. ఆయన ఒక సీసా బాగాలేదంటే అది దుమ్ము పట్టేదాకా షాపులో ఉండిపోతుందని అందరికీ తెలుసు. అందుకని అందరూ ఒప్పుకున్నారు.

మా ఆయన కాళ్ళు కుదుటపడగానే ప్రయత్నం చేశాడు. కోదాడలో ఎవరూ పోయలేదు. చుట్టాల ఫంక్షన్ వంకతో నిడమనూరు పోయాడు. అక్కడి కాంపౌండులో కూడా "లారీ ఆఫీసు అన్న వద్దన్నడు" అన్నారట. ఇంటికొచ్చి చెప్పులు విసిరికొట్టాడు. "మీ బావ నా పరువు తీశాడే! చిన్నపిల్లోణ్ణి చేసి ఊరూరా చెప్పి పెట్టాడు" అని అరిచాడు. ఆ తర్వాత బావతో మాటలు మానేశాడు. బావ పట్టించుకోలేదు. కోదాడ వచ్చినప్పుడల్లా షెడ్డు ముందు లారీ ఆపించి దిగేవాడు. మా ఆయన గడ్డం పట్టుకుని మొహం వెలుతురు వైపు తిప్పి, సీసాను చూసినట్టే కళ్ళలోకి చూసేవాడు. తెల్లగా ఉన్నాయనుకుంటే మళ్ళీ లారీ ఎక్కేవాడు. మా ఆయన కొన్నాళ్ళు విదిలించుకున్నాడు, తర్వాత విదిలించుకోవడం మానేశాడు. షెడ్డులో ఇంజన్లు మళ్ళీ మోగాయి.

బావ మాత్రం తాగడం మానలేదు. అదీ నా కోపం.

"ఇంకెన్నేండ్లు తిడ్తవు మర్దలా?" అని అడిగాడు ఒకసారి.

"నువ్వు బతికున్నన్ని రోజులు."

"గట్లనే కానీ. తిడ్తందుకన్న నా కోసం సూస్తవు."

మా ఆయన చావు అంచు దాకా పోయింది ఈ బావ వల్లే. ఇవాళ బతికున్నదీ ఈయన వల్లే. నిప్పు పెట్టినాయనే నీళ్ళు పోస్తే దండ వేయాలో, దండించాలో నాకు ఇప్పటికీ తెలియదు. రుణపడి ఉన్నాను, అది మాత్రం నిజం. ఆ మాట ఆయనతో అనలేదు, అననందుకు బాధ కూడా లేదు. అంటే ఎంత పొంగిపోయేవాడో నాకు తెలుసు.

ఫోను వచ్చినప్పుడు "ఇప్పుడా పోయేది" అన్నది అందుకే. పోయినవాడికి ఎవరు భయపడతారు? సూర్యాపేట బస్సులో మా ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. దారి పొడుగునా వైన్‌షాపులు కనిపిస్తూనే ఉన్నాయి. ఒక్కొక్కటి దాటుతుంటే నేను ఆయన మొహమే చూశాను.

మూడో రోజు పిట్టకు పెట్టడానికి ఊరి బయటి చెలకకు పోయాం. పోయినవాడికి ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి కాకి ముట్టేదాకా కాచుకోవాలి. ఏ బీరు పెట్టాలనే దగ్గర బావ స్నేహితులకు గొడవైంది. ఒకరు ఇదంటే ఇంకొకరు అదన్నారు. జన్మంతా అందరికీ సలహా చెప్పినవాడికి ఏది ఇష్టమో ఒక్కడికీ తెలియదు. అక్కకు చిరాకేసి అన్నీ పెట్టించింది. కాకి వచ్చి మాంసం ముక్క ఎత్తుకుపోయింది, సీసాల వైపు చూడనైనా లేదు.

కాకి ముట్టాక అయినవాళ్ళంతా పోయినవాడి పేరు మీద కల్లు తాగాలి. అది మా వైపు ఆచారం, కాదంటే పోయినవాణ్ణి కించపరిచినట్టు. అందరూ దోనెల్లా మడిచిన తాటాకు రేకలు పట్టుకుని వరసలో కూర్చున్నారు. పాత గౌడే లొట్టి పట్టుకుని పోస్తూ వచ్చాడు. మా ఆయన కూడా రేక పట్టుకున్నాడు, నా వైపు చూడకుండా.

లొట్టి వంగింది. నురగ మూతి దాకా వచ్చింది. గౌడు మా ఆయన మొహం చూశాడు. లొట్టి పైకెత్తేశాడు.

"కోదాడాయనకు పొయ్యవైతివి? తోడల్లుని పేరు మీద ఒక్క రేకన్న తాగొద్దా?" అన్నాడు బావ చిన్నాయన.

"అన్న వద్దన్నడు."

"అన్న పోయిండు గదరా!"

"పోయిండు. మల్ల పొయ్యమని చెప్పిపోలే" అని గౌడు పక్కవాడి రేకలోకి వంచాడు.

అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. ఏడుస్తూనే బావను తిట్టాను, అందరూ వినేలాగే. మా ఆయన రేకను కింద పెట్టలేదు. అలాగే చాపి పట్టుకున్నాడు. పొడి ఆకు ఎండకు అంచుల దగ్గర మెల్లగా ముడుచుకుంటోంది.