ఐసుపెట్టె మీద గీతలు

మా తమ్ముడు ఎల్లప్పకు స్ప్రే గన్ను పట్టడం తప్ప ఈ లోకంలో ఇంకేదీ రాదు. ఈ మాట వాడి మొహం మీదే అంటాను. ఒకప్పుడైతే నవ్వేవాడు. ఒడుగత్తూరులో మా నాయన సేద్యం వాడికి పట్టలేదు. మీసం మొలవకముందే వేలూరు పారిపోయి, బస్సులకు బాడీ కట్టే షెడ్డులో రంగు కొట్టడం నేర్చుకున్నాడు. తర్వాత గుడియాత్తం వచ్చి, పేర్ణంబట్టు రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాడు. పెళ్ళిళ్ళకు ఇచ్చే బీరువాలు, ఇంటి గేట్లు, ఆటోలు, ఒకటేమిటి, అన్నీ వాడి చేతి మీదుగానే పోతాయి.

వాడి విద్యంతా ఒక్క చోటే ఉంది. పెయింటు ఎంత చిక్కగా ఉందో చూసి, గన్నుకు అంతకు తగ్గ నాజిల్ బిగించాలి. నాజిల్ అంటే రంగు బయటికి చిమ్మే రంధ్రం. వాడు డబ్బాలో పుల్ల ముంచి పైకెత్తి, జారే తీరు చూస్తాడు. అడుగున కొట్టే ప్రైమర్ గేదెపాల మాదిరి జారాలి, దానికి పెద్ద నాజిల్. పైన కొట్టే రంగు ఆవుపాల మాదిరి ఉండాలి, దానికి సన్నది. చిక్కటిది సన్న నాజిల్‌లో పోస్తే గన్ను తుమ్ముతుంది, రేకు మీద చెమటకాయలు లేచినట్టు అవుతుంది. ఇది తెలియక గన్నును తిట్టే వాళ్ళను చూస్తే వాడికి ఒళ్ళు మంట. "ఆడలేక మద్దెల ఓడంట!" అని వెక్కిరించేవాడు.

కిందటేడు వానల్లో వాడి ఒక్కగానొక్క కొడుకు సుజిత్‌కు జ్వరం పట్టింది. వేలూరు ఆసుపత్రి లోపలికి తన కాళ్ళ మీద నడిచి వెళ్ళిన పిల్లవాడు శవమై తిరిగొచ్చాడు. సుజిత్ అక్క పవిత్ర తిరుపత్తూరు నుంచి రావాలి కదా, అంతవరకు అణ్ణామలై దగ్గర ఐసుపెట్టె తెప్పించాము. శవాన్ని చల్లగా ఉంచే అద్దె పెట్టె అది, పైన గాజు మూత, చుట్టూ రేకు. మా పేటలో ఎవరు పోయినా ఆ పెట్టే వస్తుంది. శవాన్ని ఎత్తే వేళకు వాడి తల్లి, మా మరదలు లక్ష్మీకాంతమ్మ పెట్టెను కావలించుకుని వదల్లేదు. చంకల కింద చేతులు వేసి నేనే లాగాను. ఆమె చేతి కవరింగు గాజులు కర్రుమని రేకు మీద గీసుకుపోయాయి. ఆ చప్పుడు ఇప్పటికీ నా పళ్ళలో ఉంది.

ఆ తర్వాతే మొదలైంది పీడ. ఎక్కడ చావు కబురు విన్నా లక్ష్మి పొయ్యి మీద అన్నం వదిలేసి వెళ్ళిపోయేది. ముఖం తెలియని వాళ్ళ ఇంటికి కూడా.

"ఆడ నీకేం పని మే? వాళ్ళు నీకు సుట్టాలా, పక్కాలా?" అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"పోయొస్తే నిద్ర పడ్తాది వదినా," అనేది.

నిజమే, పోయి వచ్చిన రోజు తల మీద నీళ్ళు పోసుకుని, ఇంత తిని, కళ్ళు మూసేది. పేటలో చావు లేకపోతే మనిషి ఎండిపోయేది. పొద్దున్నే గుమ్మంలో నిలబడి వీధి అటూ ఇటూ చూసేది, ఈ రోజు ఎవరు పోతారా అన్నట్టు. ఆమె చేతి అన్నం తినడానికి కూడా భయపడ్డాను.

ఎండలు మొదలైనప్పుడు అణ్ణామలై ఆ పెట్టెను వ్యానులో వేసుకుని షెడ్డుకు వచ్చాడు. "ఎల్లప్పణ్ణా, పాత పెట్టెని చూసి జనం మొహం తిప్పుకుంటాండారు. రంగు కొట్టి పుదుసు మాదిరి చేసి ఇయ్యి," అని దింపి పోయాడు.

మధ్యాహ్నం నేను సంగటి తీసుకుని వెళ్తే లక్ష్మి నా వెనకే వచ్చింది. షెడ్డులో అడుగుపెట్టి, వెతకలేదు, తడుముకోలేదు. తిన్నగా పెట్టె పక్కకు పోయి, పిడి కింద ఉన్న గీతల మీద అరచెయ్యి పెట్టింది. ఎంత అలవాటు పడిన చెయ్యి అది! ఆమె ఇన్నాళ్ళూ చావు ఇళ్ళకు ఎందుకు పోయిందో అప్పుడు తెలిసింది నాకు. ఎల్లప్పకూ అప్పుడే తెలిసింది.

"ఈడ ఉండాడు వదినా," అంది. "మోటరు ఏస్తే గుర్రు పెడతాడు. నిద్దర్లో పెట్టే మాదిరే."

ఎల్లప్ప గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆమె వెళ్ళాక నేను ఊరుకుంటానా? చిక్కటి ప్రైమర్ పెద్ద నాజిల్‌తో కొడితే గీతలు పూడిపోతాయని, పల్చగా కొడితే రంగు మారినా అవి అట్లాగే ఉంటాయని వాడి అక్కగా నాకూ తెలుసు.

"పూడ్చెయ్‌రా," అన్నాను. "ఆ గీతలుంటే నీ పెండ్లాము సచ్చినోళ్ళతోనే కాపురం చేస్తాది. మనిషి మనకు దక్కదు."

వాడు పెద్ద నాజిల్ బిగించి, ప్రైమర్ పోసి, గన్ను ఎత్తాడు. ఎత్తినవాడు అట్లాగే నిలబడ్డాడు. దించేసి సన్న నాజిల్ గన్ను తీసుకున్నాడు. చిక్కటిది అందులో పోస్తే తుమ్మింది. పల్చబరిచే థిన్నర్ కలిపాడు. మళ్ళీ తుమ్మింది. మజ్జిగ నీళ్ళయ్యేదాకా కలుపుతూనే ఉన్నాడు. ఇంకొకడు ఆ పని చేసి ఉంటే చెంప పగలగొట్టేవాడు మా వాడు.

"ఏం పనిరా ఇది?" అని అరిచాను.

"నాతో కాదక్కా. నా చేత్తో వాణ్ణి రెండోసారి పూడ్చలేను," అన్నాడు.

పెట్టె తెల్లగా మెరుస్తూ వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకే మగ్గాల వీధిలో కలైవాణి కూతురు నందిత పోయింది. ఆ ఇంటి వాళ్ళెవరో అప్పటికి మాకు తెలియదు. లక్ష్మి లేచింది, ఈసారి ఒంటరిగా పంపలేక నేనూ వెళ్ళాను. అదే పెట్టె. కానీ పిడి కింద, సరిగ్గా ఆ గీతల మీదే చెంప ఆనించి పడుకుని ఉంది కలైవాణి. లక్ష్మి చెయ్యి చాపి నిలబడింది. చెయ్యి పెట్టడానికి చోటు లేదు.

కలైవాణి తలెత్తి చూసింది. "అక్కా, నువ్వు యారు? ఎవుర్ని చూసేదానికి వచ్చినావు?"

లక్ష్మి వంగి, గాజులోంచి లోపలికి చూసింది. అన్ని చావులకు పోయింది గానీ ఒక్కసారి కూడా లోపలి మొహం చూడలేదట, తర్వాత చెప్పింది. లోపల చిన్న పిల్ల, నుదుట బొట్టు, ముక్కులో దూది. మోటరు మాత్రం గుర్రుమంటూనే ఉంది.

"నీ బిడ్డను చూసేదానికి వచ్చినానమ్మా," అంది లక్ష్మి. "లోపల నీ బిడ్డే ఉండాది. ఇంకెవురూ లేరు."

ఆ మాట అని అక్కడే కూలబడింది. కొడుకు పోయిన రోజు కూడా ఆమె అట్లా ఏడవలేదు. నేనూ ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు?

మరుసటి వారం అణ్ణామలై పెట్టెను మళ్ళీ తెచ్చాడు. థిన్నర్ ఆరిపోయి, రంగు లోపలికి కుంగి, ఎండలో గీతలు తేలి కనిపిస్తున్నాయి. "ఏందణ్ణా ఇది? నువ్వు చేసిన పనేనా?" అన్నాడు. ఎల్లప్ప తల దించుకున్నాడు. పని గురించి వాడు మాట పడటం నేను చూడటం అదే మొదలు. "వేలూర్లో ఇంకొకరికి ఇస్తాలే," అని అణ్ణామలై వ్యాను వైపు తిరిగాడు.

"ఈడనే పెట్టిపో అణ్ణా," అంది లక్ష్మి. ఆమె షెడ్డు వాకిట్లో ఉందని మేము చూసుకోలేదు.

అతను పోయాక ప్రైమర్ డబ్బా ఆమే తెరిచింది. పుల్ల ముంచి ఎత్తి చూసింది. "ఇట్లే ఉండనీ. థిన్నర్ పొయ్యొద్దు," అంటూ పెద్ద నాజిల్ గన్ను మొగుడి చేతికిచ్చింది.

"నువ్వు బయటికి పోమ్మా," అన్నాడు ఎల్లప్ప.

ఆమె కదల్లేదు. కంప్రెసర్ మొదలైంది. వాడు పెట్టె ఆ చివరి నుంచి మొదలుపెట్టి వరసగా కొట్టుకుంటూ వచ్చాడు. పిడి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి మెల్లబడింది. నేను చూడలేక కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకున్నాను.

"చెయ్యి ఆపొద్దయ్యా," అంది లక్ష్మి. "ఆపితే కారిపోతాది."

వాడు ఆపలేదు.