ముప్పై రెండు నంబరు బనీను

బోధన్ చక్కెర ఫ్యాక్టరీల నాది చెరుకు సీజన్ నౌకరి. చలికాలం పొద్దుగాల ఎనిమిది మైళ్లు సైకిల్ తొక్కి పోతుంటి. దగ్గు పట్టి నాగాలు పడ్డయి. నౌకరి ఇడిసిపెడుదమనుకున్న.

ఒకనాడు నిజామాబాద్ స్టేషన్ల బండి కోసం కూసుంటే, పక్కనున్న ముసలి దర్జీసాబు నా దగ్గు సంగతి అడిగిండు. సైకిల్ మీద నౌకరికి పోయే సంగతి గూడ చెప్పిన. నా బనీను గుంజి సూసిండు.

“ఇంత వదులైతె చెమట అండ్లనే ఆగి ఛాతి సల్లబడుతది బేటా. ఒంటికి అంటుకునేది తొడుగు. తొడిగినంక సైకిల్ హ్యాండిల్ పట్టినట్టు వంగి సూడు. సంకల గుంజొద్దు, నడుము మీదికి లేవొద్దు.”

అందరు సూస్తుండంగనే నన్ను వంచి, ఛాతి సుట్టు జానతోని కొలిచిండు. “ముప్పై రెండు,” అన్నడు. అంతల ఆయన బండి వచ్చింది, ఎక్కి పోయిండు.

ఆ పొద్దే ఆ నంబరు బనీన్లు రెండు కొన్న. మెల్లగ దగ్గు తగ్గింది. మల్ల ఒక్క నాగా లేకుంట సీజన్ దాటిన. మరుసటేడు ఫ్యాక్టరోళ్లే మనిషిని పంపి పిలిపించుకున్నరు.